తేలిక ప్రశ్న వచ్చిందా? కంగారొద్దు
2024 ఫిబ్రవరి నుంచి జీమ్యాట్‌లో 64 ప్రశ్నలే, 2 గంటల 15 నిమిషాలే. ఇంత తక్కువ ప్రశ్నలతో మీ స్థాయి ఎలా తేలుతుంది? మీ జవాబులను బట్టి కంప్యూటర్ తర్వాతి ప్రశ్నను ఎంచుకుంటుంది కాబట్టి. మీరు కచ్చితంగా చేసేసేదీ, అస్సలు చేయలేనిదీ దానికి కొత్తగా ఏమీ చెప్పవు. వస్తుందో రాదో సగం సగంగా ఉండే ప్రశ్నే మీ సత్తా చెబుతుంది. అందుకే బాగా చదివినవాళ్లకూ పరీక్ష కష్టంగానే అనిపిస్తుంది.

అయితే అందరికీ అవే ప్రశ్నలిస్తే బయటికి పొక్కుతాయి. అందుకే ఇలాంటి పరీక్షల ఎంపికలో టాపిక్‌ల వాటా, కాస్త లాటరీ కూడా కలుపుతారు. కాబట్టి తేలిక ప్రశ్న రాగానే 'ముందుది తప్పిందేమో' అని లెక్కలేసుకోకండి. జీఆర్‌ఈ తీరు వేరు: అక్కడ మొదటి సెక్షన్‌ను బట్టి రెండో సెక్షన్ స్థాయి మారుతుంది. జీమ్యాట్‌లో మాత్రం చివరి ప్రశ్నలు మిగిలిపోతే స్కోరుకు కోతే. ఒక్కదానికే అతుక్కుపోకుండా చివరిదాకా వెళ్లండి.