వేటగాడికి పట్టా ఎవరిస్తారు?

2025 ఏప్రిల్ 3న కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు నిలిపివేసిన రోజున, తమ పొరుగున వన్యప్రాణులు ఉన్నాయన్న సంగతి హైటెక్ సిటీ వాసులకు ఒక్కసారిగా గుర్తుకొచ్చింది. ఆ 400 ఎకరాల్లోని జింకల కోసం, నెమళ్ల కోసం ఐటీ ఉద్యోగులు కూడా గొంతు విప్పారు. అది మెచ్చదగిన విషయమే. అయితే అదే గచ్చిబౌలి నుంచి పడమరగా చేవెళ్ల, వికారాబాద్, పరిగి వైపు వెళితే, అక్కడి రైతు నోట వినిపించే వన్యప్రాణి పేరు వేరు. అది అడవిపంది. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకు, వేరుశనగ ఊరే వేళకు మంద దిగుతుంది. ఒక్క రాత్రిలో ఎకరం నేలమట్టమవుతుంది. వారాంతపు ఫాంహౌస్‌కు అది చిరాకు. కౌలు రైతుకు అది ఆ ఏటి అప్పు.

మరి ఆ పందిని ఎవరు కాల్చాలి? కాల్చేవాడికి ఏ అర్హత ఉండాలి? ఈ ప్రశ్నను మన దగ్గర అటవీ శాఖ సాంకేతిక సమస్యగా, జంతు ప్రేమికులు నైతిక సమస్యగా చూస్తున్నారు. నేను దీన్ని కుల సమస్యగా కూడా చూడాలంటాను.

మొదట చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొలి రూపంలో లైసెన్సు తీసుకుని వేటాడే వీలుండేది. 1991 సవరణతో ఆ తలుపు మూసుకుంది. మిగిలిన చిన్న సందు 11వ సెక్షన్. మనిషి ప్రాణానికో, నిలిచి ఉన్న పంటతో సహా ఆస్తికో ఒక జంతువు ప్రమాదకరంగా మారిందని నమ్మితే, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి, దాన్ని చంపేందుకు అధికారులు అనుమతించవచ్చు. ఎవరికి అనుమతించవచ్చు? చట్టం వాడిన మాట ‘ఏ వ్యక్తికైనా’. శిక్షణ ఊసు లేదు, పరీక్ష ఊసు లేదు. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూల్లో ఉంది కనుక ఇప్పటికీ దానికి ఈ సెక్షనే వర్తిస్తుంది.

‘ఏ వ్యక్తికైనా’ అన్న ఆ మాట సచివాలయం నుంచి పొలం గట్టుకు చేరేసరికి బాగా కుంచించుకుపోతుంది. తెలంగాణలో సర్పంచులకు గౌరవ వన్యప్రాణి సంరక్షకుల హోదా ఇచ్చి, అడవిపందుల విషయంలో వారికి అధికారం అప్పగించారు. కేరళ కూడా 2022లో పంచాయతీ అధ్యక్షులకు ఇలాంటి అధికారమే ఇచ్చింది. అయితే తుపాకీ పేల్చేది సర్పంచి కాదు, పొలం యజమానీ కాదు. అటవీ శాఖ ప్యానెల్‌లో పేరున్న షూటర్. ప్యానెల్‌లో పేరుండాలంటే చేతిలో లైసెన్సున్న తుపాకీ ఉండాలి. అంటే అర్హత లేదనుకున్న చోట ఒక అర్హత చప్పుడు లేకుండా వచ్చి కూర్చుంది. దాన్ని ఎవరూ పరీక్షించి ఇవ్వరు. అది ఇంట్లో ఉంటుంది, లేదంటే ఉండదు.

తుపాకీ ఎవరి ఇంట్లో ఉంటుందో తెలంగాణ పల్లెకు వేరే చెప్పనక్కరలేదు. గడీ గోడ మీద వేలాడిన రైఫిల్‌కూ, చెంచు చేతిలోని విల్లుకూ మధ్య ఉన్న తేడా గురి తేడా కాదు. 1959 ఆయుధ చట్టం రాసినవారికి ఈ సంగతి కొంతైనా తెలిసి ఉండాలి. పంట రక్షణ కోసం మజిల్ లోడింగ్ తుపాకీకి, అంటే మన పల్లెలు బర్మారు అని పిలిచే దానికి, లైసెన్సు ఇచ్చే మార్గాన్ని 13వ సెక్షన్‌లో పెట్టారు. దరఖాస్తుదారుడికి తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించరాదని 14వ సెక్షన్‌లో రాశారు. ఆస్తి లేనివాడికి తుపాకీ నిరాకరించే అలవాటే లేకుంటే ఆ వాక్యం రాయాల్సిన అవసరం ఏముంటుంది? 2016 ఆయుధ నిబంధనలు ఆయుధ భద్రతా శిక్షణను చేర్చాయి. అది తుపాకీని జాగ్రత్తగా పట్టుకోవడం నేర్పుతుంది. అడవిని చదవడం నేర్పదు.

అడవిని చదవగలిగినవారి జాబితా ప్రభుత్వం దగ్గర లేకపోలేదు. అది వేరే ఫైల్లో ఉంది. తెలుగు నేల వెనుకబడిన తరగతుల ‘ఏ’ గ్రూపు జాబితాలో ‘పార్ధి (మీర్‌షికారి)’ అనే పేరుంది. మీర్‌షికార్ అంటే వేటకు అధిపతి. దర్బారుల్లో అదొక హోదా. ఆ హోదా పేరే ఇవాళ పిట్టలు పట్టి పొట్టపోసుకుంటూ ఊరి బయట గుడారం వేసుకునే కుటుంబాల కులం పేరు. మైదాన ప్రాంతపు బోయలదీ ‘ఏ’ గ్రూపే. తిన్నడు కన్నప్పగా శ్రీకాళహస్తిలో పూజలందుకుంటాడు. అతని వారసులమని చెప్పుకునేవారు మాత్రం ఎస్టీ హోదా కోసం దశాబ్దాలుగా ధర్నాలు చేస్తున్నారు. నక్కల, ఎరుకల, యానాది, చెంచు కులాలు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నాయి. వరి చేలో ఎలుక కన్నం చూసి లోపల ఎన్ని ఉన్నాయో యానాది చెప్పగలడు. రైతు అతన్ని కబురంపి మరీ పిలిపించుకుంటాడు. ఆ పనికి ఎవరూ నిపుణత అని పేరు పెట్టలేదు.

పేరు పెట్టకపోగా నేరమన్నారు. 1871 నేరస్థ తెగల చట్టం వేట, సంచారం బతుకుగా ఉన్న సమూహాలను పుట్టుకతోనే అనుమానితులుగా నమోదు చేసింది. స్టువర్టుపురం అలా పుట్టిన ఊరే. 1952లో చట్టం రద్దయింది గానీ స్టేషన్ రికార్డుల్లోని అలవాటు అంత త్వరగా రద్దు కాలేదు. తుపాకీ లైసెన్సుకు పోలీసు విచారణ తప్పనిసరి. ఆ విచారణలో ఎరుకల ఇంటిపేరూ, భూస్వామి ఇంటిపేరూ ఒకే రకంగా చదవబడతాయని నమ్మేవారు నాకు ఇంతవరకు తారసపడలేదు.

భాష కూడా ఈ తేడాను దాచుకోలేదు. కింది కులాలు చేస్తే ‘వేట’. దొరలు చేస్తే ‘షికారు’. చివరికి తెలుగులో షికారు అంటే సరదాగా తిరిగి రావడమనే అర్థమే స్థిరపడింది. నిజాం వేటస్థలాలు తర్వాత మహావీర్ హరిణ వనస్థలి వంటి జాతీయ ఉద్యానాలయ్యాయి. చెంచుల వేటస్థలం పులుల అభయారణ్యమైంది. రెంటినీ సంరక్షణ అనే అంటాం. మొదటి చోట వేటగాడు రాజభవనానికి తిరిగి వెళ్లాడు. రెండో చోట వేటగాడి ఇల్లే అభయారణ్యం లోపల ఉండిపోయింది. 2006 అటవీ హక్కుల చట్టం అతనికి అనేక సంప్రదాయ హక్కులను గుర్తిస్తూ, వేటను మాత్రం స్పష్టంగా మినహాయించింది. ఆ మినహాయింపు తప్పని నేననను. పులి తినాల్సిన దుప్పిని మనిషి తింటే నల్లమలలో పులి మిగలదు. అయితే ఆ చట్టంతో చెంచు జ్ఞానం కూడా చెల్లని నాణెమైపోయిందని గుర్తించాలి. నల్లమలలో బేస్ క్యాంపుల్లో పులి అడుగుజాడలు చూసి అధికారులకు దారి చూపుతున్నది ఎక్కువగా చెంచు కావలిదారులే. వారి పని దినసరి లెక్క. వారి పేరు ఏ నిపుణుల ప్యానెల్‌లోనూ కనబడదు.

ప్యానెల్‌లో పేరున్నవారి విషయానికొద్దాం. ఇక్కడ హైదరాబాద్‌కు దేశవ్యాప్త ఖ్యాతి ఉంది. 2016లో బీహార్‌లోని మొకామాలో నీల్‌గాయ్‌లను కాల్చడానికి షూటర్లు వెళ్లింది ఈ నగరం నుంచే. దానిపై ఇద్దరు కేంద్ర మంత్రులు, మేనకా గాంధీ, ప్రకాశ్ జవదేకర్, బహిరంగంగా విభేదించుకున్నారు. 2018లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో 13 మంది మరణాలకు కారణమని చెప్పిన అవని అనే ఆడపులి కోసం పిలిపించింది హైదరాబాద్‌కు చెందిన నవాబ్ షఫత్ అలీ ఖాన్‌ను. పట్టుకోవడం కుదరకపోతే కాల్చవచ్చన్న ఉత్తర్వులో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. నవంబరు 2 రాత్రి పులిని కాల్చింది మాత్రం ఆయన కుమారుడు అస్గర్ అలీ ఖాన్. ఆత్మరక్షణ కోసమే కాల్చానని ఆయన చెప్పారు. జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ నియమించిన కమిటీ నిబంధనల ఉల్లంఘన జరిగిందని పేర్కొంది.

ఆ కుటుంబాన్ని తప్పుపట్టడానికి దీన్ని ప్రస్తావించడం లేదు. వారికి తుపాకీ తెలియదని ఎవరూ అనలేరు. నన్ను ఆలోచింపజేసింది ఒక్కటే: తండ్రి పేరిట ఉన్న పని కొడుకు చేతికి అంత సులువుగా ఎలా మారింది? అర్హత అనేది పరీక్ష ద్వారా ఒక వ్యక్తికి దక్కేది కాక, వంశం ద్వారా సంక్రమించేదిగా ఉన్నచోట అలా మారుతుంది. డాక్టర్ కొడుకు తండ్రి బదులు ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లలేడు.

పుట్టుకే అర్హత అనే సూత్రానికి చట్టబద్ధ రూపం కావాలంటే పొరుగున కర్ణాటకలోని కొడగుకు వెళ్లాలి. కొడవ జాతివారికి, అక్కడి జమ్మా భూమి హక్కుదారులకు కొన్ని రకాల తుపాకుల విషయంలో లైసెన్సు అవసరం లేకుండా బ్రిటిష్ కాలం నుంచి మినహాయింపు ఉంది. 2019లో కేంద్రం దాన్ని 2029 వరకు పొడిగించింది. కర్ణాటక హైకోర్టు 2021లో సమర్థించింది. ఒకే దేశంలో ఒక సమూహానికి పుట్టుక తుపాకీనిచ్చింది, మరో సమూహానికి పుట్టుక నేరచరిత్రనిచ్చింది.

మా విద్యార్థుల్లో కొందరు ఇక్కడే నాతో విభేదిస్తారు. చెంచులకు, బోయలకు, మీర్‌షికారీలకు కూడా అలాంటి మినహాయింపు ఇవ్వాలని, వేట వారి హక్కని వాదిస్తారు. ఆ ఆవేదన నాకు అర్థమవుతుంది గానీ ఆ దారి నాకు భయం కలిగిస్తుంది. కులం శ్రమ విభజన మాత్రమే కాదని, అది శ్రామికులనే విడదీసి పుట్టుకకు కట్టేస్తుందని 1936లోనే అంబేడ్కర్ చెప్పారు. చెంచు పిల్లవాడు చెంచు కాబట్టి వేటగాడన్నామంటే, అతను సైబర్ టవర్స్‌లో ప్రోగ్రామర్ కావడం అసహజమని కూడా ఒప్పుకున్నట్టే. అందుకే వేటకు పరీక్ష ఉండాలంటున్నాను. కచ్చితమైన, రాసిపెట్టిన, ఎవరైనా హాజరు కాగలిగిన పరీక్ష. ప్రశ్నపత్రం ఎవరు తయారుచేస్తారన్నదే అసలు పేచీ.

జర్మనీలో వేట లైసెన్సుకు రాత, మౌఖిక, షూటింగ్ పరీక్షలుంటాయి. కష్టమైనది కాబట్టి జనం దాన్ని హాస్యంగా ‘ఆకుపచ్చ ఇంటర్మీడియట్’ తరహాలో పిలుచుకుంటారు. జంతువును గుర్తించడం, దాని వ్యాధులు, మాంసం పరిశుభ్రత అన్నీ అందులో భాగం. దాన్ని యథాతథంగా ఇక్కడ దించితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఇంగ్లిషు పుస్తకం, కోచింగ్ సెంటర్, ఫీజు. గచ్చిబౌలిలో 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన షూటింగ్ రేంజ్‌కు కారులో వెళ్లగలిగినవాడు నెల తిరక్కుండా పాసవుతాడు. అమ్రాబాద్ నుంచి వచ్చినవాడు మొదటి పేజీలోనే ఆగిపోతాడు. కాగితం గుండ్రాన్ని కొట్టడం వేరు. పొదలో కదిలింది పందా, మేకల కాపరా అని అరక్షణంలో తేల్చుకోవడం వేరు. గాయపడిన జంతువు నెత్తుటి చుక్కల వెంట రాత్రంతా నడిచి దాని బాధను ముగించడం ఇంకా వేరు.

పరీక్ష ఈ రెండో, మూడో విషయాలను కొలవాలి. పిల్లలున్న ఆడపందిని విడిచిపెట్టగలడా? తూటా దూసుకుపోయే దిశలో గుడిసె ఉందని చీకట్లోనూ గ్రహిస్తాడా? కాల్చకూడదని నిర్ణయించుకోగలడా? ఇవి పొలంలో, తెలుగులోనో లంబాడీలోనో కోయలోనో జరిగే పరీక్షలు. పరీక్షకుల బల్ల దగ్గర అటవీ అధికారితోపాటు, పశువైద్యుడితోపాటు, అడుగుజాడ తెలిసిన చెంచు పెద్ద కూడా కూర్చోవాలి. తుపాకీ, తూటాలు ప్రభుత్వానివై ఉండాలి. పనికి ముందు ఇచ్చి, తర్వాత వెనక్కి తీసుకోవాలి. అప్పుడు సొంత తుపాకీ అనే దొడ్డిదారి అర్హత దానంతటదే తొలగిపోతుంది.

ఇది ఆచరణ సాధ్యం కాదనేవారికి తమిళనాడు ఉదాహరణ ఉంది. పాముచర్మాల వ్యాపారం నిషేధంతో బతుకుతెరువు పోయిన ఇరుళ తెగవారు 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. లైసెన్సుతో పాములు పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదులుతారు. ఆ విషం పాముకాటు మందు తయారీకి వెళుతుంది. ఆ సంఘానికి చెందిన మాసి సదయన్, వడివేల్ గోపాల్‌లను 2017లో ఫ్లోరిడాకు పిలిపించుకున్నారు, అక్కడి చిత్తడి అడవుల్లో విస్తరించిన బర్మా కొండచిలువలను పట్టడానికి. 2023లో వారిద్దరికీ పద్మశ్రీ వచ్చింది. వారి అర్హతను అమెరికా విశ్వవిద్యాలయం గుర్తించింది. డిగ్రీ అడగలేదు.

అంత దూరం ఎందుకు, మన హైటెక్స్ పక్కనే నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది. తాపీ పని, వెల్డింగ్ వంటి చేతిపనుల్లో శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్లు ఇస్తుంది. చదువు లేకున్నా చేతిలో ఉన్న పనితనాన్ని పరీక్షించి గుర్తించే పథకాన్ని కేంద్ర నైపుణ్య శాఖ దేశమంతటా నడుపుతోంది. ఈ కారిడార్‌లోని అద్దాల మేడలను లేపిన చేతులకు సర్టిఫికెట్ ఇవ్వవచ్చునని అంగీకరించిన రాజ్యం, అడుగుజాడ చదివే కళ్లకు ఇవ్వలేదా?

జంతు ప్రేమికుల అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోను. లైసెన్సు అనే మాట వచ్చిందంటే వినోదపు వేట వెనకే వస్తుందని వారి భయం. అయితే ఇప్పుడు జరుగుతున్నదేమిటి? అనుమతి వచ్చి, షూటర్ వచ్చేలోపు పంట పోతుంది. రైతు పొలం చుట్టూ కరెంటు తీగ లాగుతాడు. ఆ తీగకు పందితోపాటు పెద్దపులి చస్తోంది, రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లిన పక్క పొలం కూలీ చస్తున్నాడు. నాటుబాంబు కొరికి దవడ పగిలిన పంది రోజుల తరబడి చస్తుంది. వీటన్నిటికంటే పరీక్ష పాసైన మనిషి పేల్చే ఒక్క తూటా క్రూరమని నేననుకోను. అనుమతి ప్రాణాపాయం, పంట నష్టం వంటి కారణాలకే పరిమితమని చట్టంలో ఇప్పటికే ఉంది. దాన్ని అలాగే ఉంచాలి.

మాంసం మాటెత్తడానికి మాత్రం ఎవరూ ఇష్టపడరు. 11వ సెక్షన్ కింద చంపిన జంతువు 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తి. కేరళ నిబంధనల్లో పందిని తినకుండా శాస్త్రీయంగా పూడ్చాలని ఉంది. జర్మనీలో అదే జంతువు తనిఖీ తర్వాత దుకాణంలో అమ్ముడవుతుంది, అక్కడి పరీక్షలో మాంసం పరిశుభ్రత పాఠం ఉండడానికి కారణం అదే. పోషకాహార లోపంపై మనం సదస్సులు పెట్టుకునే జిల్లాల్లోనే ఆ మాంసం మట్టిలో కలిసే నిబంధనలు మనకు సహజంగా తోస్తున్నాయి. పంది మాంసం ఎవరి తిండి అన్న ఆలోచన ఆ సహజత్వం వెనుక లేదని అనలేను. కాల్చే పని ప్యానెల్ షూటర్‌ది, ఫొటో సర్పంచిది, పంచనామా అటవీ శాఖది. గొయ్యి తవ్వడానికి ఏ వాడ నుంచి మనుషుల్ని పిలుస్తారో ఆ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.