పైన పటారం, లోన పొట్టు

ఇంట్లో చిన్న సీఎన్‌సీ యంత్రం పెట్టుకున్న ఔత్సాహికులు మొదట కోరేది పెద్ద రౌటరునే. పొట్టు సంగతి తరువాత చూద్దామంటారు. ఈ వరుసే తప్పంటాను. రౌటరు తిరిగే వేగం పెంచి, కోత ముందుకు సాగే వేగం పెంచకపోతే, బిట్టు చెక్కను కోయదు, నూరుతుంది. పెళ్లలు రాలవలసిన చోట పిండి లేస్తుంది.

కల్లూరు ప్రాంతపు వడ్రంగులకు టేకు పొడి పెట్టే దురద కొత్త కాదు. కానీ కర్రపొడి క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. చీపురుతో ఊడిస్తే ఆ పొడి పోదు, గాలిలోకి లేస్తుంది. పుట్టినచోటే పీల్చివేయాలి: రౌటరు చుట్టూ కుచ్చు తొడుగు, గొట్టం, సైక్లోన్ డబ్బా, వాక్యూమ్, ముక్కుకు మాస్కు.

ముందు ఊపిరికి ఖర్చు పెట్టండి, ఆ పిదపే రౌటరుకు. కాదంటారా?