జీడితోట అమ్మమంటారా?

శృంగవరపుకోట దగ్గర పల్లె నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దన్నారు కనుక వెయ్యడం లేదు. పనసకాయలు దింపబోయి చెట్టుమీంచి పడ్డ ఆమె తమ్ముడికి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నదట. ఏడాదిన్నర అయింది. భుజాలు కదులుతాయి, మోచెయ్యి ముడుచుకుంటుంది, మణికట్టు పైకి లేస్తుంది. వేళ్ళు మాత్రం మాట వినవు. “అమెరికాలో ఏదో యంత్రం పెడితే పడిపోయిన చెయ్యి లేచి అన్నం తిన్నదట. మాకు 2 ఎకరాల జీడితోట వుంది. అది అమ్మి యంత్రం తెప్పిద్దామని అమ్మ అంటూంది. మీరేమంటారు?” అని ప్రశ్న.

అమ్మవద్దమ్మా. ముందు ఆ మాట చెప్పి, కారణాలు తరువాత మనవి చేస్తాను.

మీరు విన్నది కట్టుకథ కాదు. క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం వారు 2017లో ప్రకటించిన సంగతి అది. బిల్ కొచెవర్ అనే ఆయనకు 2006లో సైకిలు ప్రమాదం జరిగి, భుజాల కిందనుంచి చలనం పోయింది. ఆయన మెదడులో ఆస్పిరిన్ బిళ్ళంతటి పరికరాలు రెండు, చేతి కండరాల్లో 36 ఎలక్ట్రోడులు అమర్చారు. చెయ్యి కదపాలని ఆయన తలచుకుంటే, ఆ తలపు తీగల వెంట కంప్యూటరుకూ, అక్కడినుంచి కండరానికీ పోయేది. అలా తన చేత్తోనే ఫోర్కు పట్టుకుని తిన్నారు, కాఫీ కప్పు నోటిదాకా తెచ్చుకుని స్ట్రాతో తాగారు.

యిదెలా సాధ్యమంటారా? చెరువు నిండుగా వుంది, మడి బాగానే వుంది, మధ్య కాలువకు గండి పడిందనుకోండి. మెదడు చెరువు, కండరం మడి, గండి మెడ దగ్గర. వారు పక్కనుంచి గొట్టం వేసి నీళ్ళు మళ్ళించారన్నమాట.

కాని అదంతా పరిశోధనశాలలో, తలకు తీగలు తగిలించుకుని, నిపుణులు చుట్టూ వుండగా జరిగిన పని. చేతి బరువు మొయ్యడానికి మోటారుతో నడిచే మరో ఆధారం కూడా కావలసి వచ్చింది. అది అంగట్లో దొరికే వస్తువు కాదు. తోట సరేసరి, పుణ్యగిరి కొండంత ధనం పోసినా కొనుక్కోలేరు. తెప్పిస్తామని ఎవరైనా బయానా అడిగితే గుమ్మంలోంచే పంపించెయ్యండి.

అంగట్లోకి వచ్చింది ఒకటి వుండేది. దాని పేరు ఫ్రీహాండ్. 1997లో అమెరికాలో అనుమతి దొరికింది. ఒక భుజం కదిపితే రెండోవైపు చేతివేళ్ళు మూసుకునేవి. చాలామందికి బాగా ఉపకరించింది కూడాను. అయినా 2001లో కంపెనీవారు అమ్మకం మానేశారు. ఒంట్లో పెట్టించుకునే సరుకు విషయంలో యీ సంగతి గుర్తుంచుకోవలసిందే.

నాకు కొంచెం ఆశ కలిగిస్తున్నది మరొకటి. మెడమీద చర్మానికి ఎలక్ట్రోడులు అంటించి, స్వల్పంగా విద్యుత్తు పంపుతూ వ్యాయామం చేయిస్తారు. కోత లేదు. 60 మందిపై జరిగిన పరీక్షలో 72 శాతం మందికి బలమూ, పనితనమూ రెండూ పెరిగాయని 2024లో ప్రకటించారు. ఆ డిసెంబరులోనే అమెరికాలో అనుమతి వచ్చింది. అయితే యిది వెన్నుపాము పూర్తిగా తెగని వారికి మాత్రమే. మీ తమ్ముడిది ఏ రకమో డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి.

అసలు మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదువుకున్నది “మణికట్టు పైకి లేస్తుంది” అన్న ముక్క. మీ చెయ్యి వదులుగా వుంచి మణికట్టు వెనక్కి వంచి చూడండి. వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి. వేళ్ళకు ఆజ్ఞ అందకపోయినా స్నాయువులు లాగే పని అది. దాంతో కాగితమో, రొట్టెముక్కో పట్టుకోవడం చాలామంది నేర్చుకుంటారు. మన యిళ్ళల్లో ప్రేమకొద్దీ ఏం చేస్తామంటే, రోజూ నూనె రాసి, మణికట్టు వెనక్కి వంచి వేళ్ళు కూడా తిన్నగా సాగదీస్తాం. అలా రెండూ ఒక్కసారే సాగదీస్తే ఆ పట్టు కాస్తా వదులైపోతుంది. ఎలా సాగదియ్యాలో ఫిజియోథెరపిస్టు చేత చేసి చూపించుకోండి.

వీలైతే వేలూరు తీసుకువెళ్ళండి. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన పునరావాస సంస్థను 1966లో డాక్టర్ మేరీ వర్గీస్ ప్రారంభించారు. 1954లో కారు ప్రమాదంలో ఆమెకే వెన్నుపాము దెబ్బతిన్నది. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారావిడ.

మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి మన రాష్ట్ర ప్రభుత్వం 2024 జులైలో నెలకు 15,000 రూపాయల పింఛను ప్రకటించింది. వైకల్య ధ్రువపత్రం లేకపోతే ముందు దానికి దరఖాస్తు పెట్టండి.

యీ లోపల ఒక పని చెయ్యండి. మెత్తని తోలుతో అరచేతి చుట్టూ పట్టీ, అరచేతివైపు చెంచా పిడి దూరేటంత జేబు కుట్టమంటే చెప్పులు కుట్టేవారెవరైనా కుడతారు. బిగుతుగా వద్దు, ఒరిసినా అతనికి తెలియదు కనుక తీసిన ప్రతిసారీ చర్మం కందిందేమో చూడండి. చెంచా మెడ కొంచెం నోటివైపు వంచండి, తిన్నగా వుంటే మెతుకులు ఒళ్ళో పడతాయి.