సోలార్ నీళ్లు స్నానానికే, తాగడానికి కాదు



మన ఊళ్లల్లో డాబాల మీద సోలార్ వాటర్ హీటర్లు బాగా పెరిగాయి. మంచిదే. కట్టెలూ మిగులుతాయి, కరెంటూ మిగులుతుంది. కానీ దాంతోపాటే ఒక అలవాటు మొదలైంది. సోలార్ కుళాయి తిప్పి, ఆ నీళ్లే బిందెకు పట్టి, చల్లారాక తాగుతున్నారు. కొందరైతే పసిపిల్లల పాలపొడి కూడా అందులోనే కలుపుతున్నారు. "కాగిన నీళ్లే కదా, మళ్లీ మరగబెట్టడం దేనికి?" అంటున్నారు. ఇది వద్దు అన్నది నా మాట. కారణాలు చెబుతాను, మీరే ఆలోచించండి.

కాగిన నీళ్లు వేరు, మరిగిన నీళ్లు వేరు. మంచి ఎండ ఉంటే ట్యాంకులో నీళ్లు 60, 70 డిగ్రీల దాకా కాగుతాయి. ఆ వేడిలో కాసేపు ఉంటే చాలా క్రిములు చస్తాయి, కాదనను. కానీ మీరు బకెట్ నీళ్లు పట్టగానే అంతే చన్నీళ్లు లోపలికి వస్తాయి. ముసురు పట్టినప్పుడు గోరువెచ్చగానే ఉంటాయి. గోరువెచ్చని నీళ్లల్లో కొన్ని రకాల బ్యాక్టీరియా చావకపోగా పెరుగుతుంది. ఏ రోజు ఎంత కాగాయో మనకు కనపడదు. పొయ్యి మీదైతే కళపెళా మరగడం కంటితో చూస్తాం. అలా ఒక నిమిషం మరిగితే చాలు.

"ఎండ తగిలిందిగా" అంటారు ఇంకొందరు. తేట నీళ్లను పారదర్శకంగా ఉన్న సీసాలో పోసి 6 గంటలు ఎండలో పెట్టే పద్ధతి ఉన్నమాట నిజమే. అక్కడ క్రిముల్ని చంపేది ముఖ్యంగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు. మన హీటర్ గాజు గొట్టాలకు లోపల నల్లపూత ఉంటుంది. అది ఎండను పీల్చి వేడి మాత్రమే నీళ్లకిస్తుంది.

ఇక ట్యాంకు సంగతి. మన బోరు నీళ్లల్లో సున్నం ఎక్కువ. వేడికి అది పేరుకుని గొట్టాల అడుగున మడ్డిలా దిగుతుంది. సర్వీసుకు వచ్చినవాళ్లు గొట్టం ఊడదీసినప్పుడు ఒకసారి దగ్గరుండి చూడండి. పైగా చన్నీళ్లకంటే వేడినీళ్లు పైపుల్లోని, ఇత్తడి బిగింపుల్లోని లోహాన్ని ఎక్కువగా కరిగించుకుంటాయి. కొన్నిచోట్ల వేడినీళ్లకు సీపీవీసీ బదులు మామూలు పీవీసీ పైపు వేసి వెళ్తున్నారు. అది అంత వేడికి చేసిన పైపు కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఫ్లోరైడ్, నైట్రేట్. నల్గొండ, కనిగిరి వైపు వాళ్లకు ఫ్లోరైడ్ గురించి నేను చెప్పక్కర్లేదు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. నైట్రేట్ 45 దాటకూడదు. మనం చేలో దండిగా చల్లే యూరియాలో కొంత నైట్రేట్‌గా మారి కిందికి దిగి మన బోరులోకే వస్తుంది. అది ఎక్కువైతే పసిబిడ్డల రక్తానికి ప్రాణవాయువు మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలంగా మారుతుంది. ఈ రెండూ సోలార్‌తో పోవు, మరగబెట్టినా పోవు. మరిగేకొద్దీ ఇంకా చిక్కబడతాయి.

గ్యాస్ ఖర్చంటారా? లెక్క వేద్దాం. సిలిండర్ 900 అనుకుంటే, 10 లీటర్ల చన్నీళ్లు మరగబెట్టడానికి సుమారు 7 రూపాయల గ్యాస్ అవుతుంది. సోలార్ నీళ్లతో మొదలుపెడితే మిగిలేది సుమారు 3, 4 రూపాయలు. ఒక్క విరేచనాల కేసుకు ఆస్పత్రిలో సెలైన్ బాటిల్ ఎక్కిస్తే ఎంతవుతుందో మీకు తెలుసు.

అందుకే నేను చెప్పేది ఇంతే. స్నానానికి, గిన్నెలకు, పాల క్యాన్లు కడగడానికి సోలార్ నీళ్లు బంగారం. తాగడానికి, వంటకు హీటర్‌లోకి పోని చన్నీళ్ల లైను నుంచే పట్టుకోండి. కొత్తగా పెట్టించేవాళ్లు వంటింటికి ఆ లైను విడిగా వేయమని ప్లంబరుకు ముందే చెప్పండి. బోరు నీళ్లను గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించండి. ఫ్లోరైడో నైట్రేటో ఎక్కువుంటే ఆ బోరు నీళ్లు తాగడం మానేయండి. లేకపోతే మరిగించి, చల్లార్చి, మూతపెట్టుకుని తాగండి.

భూమికి మట్టి పరీక్ష చేయిస్తున్నాం. మనం తాగే నీళ్లకు చేయించలేమా? మీ ఊరి నీళ్ల రిపోర్టు ఉంటే కింద పెట్టండి, అందరికీ ఉపయోగపడుతుంది.