నొప్పి లేదు, రోజా ఉండవచ్చా?

షాబాన్ నెల చివరి జుమా నాడు ఉట్నూరు ప్రాంతపు పెద్దమనిషి ఒకరు మా వద్దకు వచ్చారు. నాలుగు నెలల క్రితం గుండెపోటు వచ్చి, కరీంనగర్‌లో స్టెంట్ వేయించుకున్నారు. పదిహేనేళ్ళుగా మధుమేహం; రెండు పూటలా ఇన్సులిన్. "మౌలానా, అప్పుడూ నొప్పి లేదు, ఇప్పుడూ లేదు. రోజాలన్నీ ఉండవచ్చు కదా?" అన్నారు. అవునన్న మాట కోసమే వచ్చినట్లు తోచింది.

మాకు అబూ దావూద్‌లో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన సంఘటన జ్ఞప్తికి వచ్చింది. ప్రయాణంలో తలకు గాయమైన ఒకరికి గుసుల్ విధి అయింది. తయమ్ముమ్ చేయవచ్చా అని అడిగితే, నీరుండగా వీలుకాదన్నారు తోటివారు. ఆయన స్నానం చేసి మరణించారు. తెలియక తీర్పు చెప్పినవారిని దైవప్రవక్త (స) తీవ్రంగా మందలించారు. ఏటా ఈ హదీసును బోధించి ముందుకు సాగిపోతాము. అది మా వంటివారి గురించేనని ఆనాడు అనిపించింది. ఆయనతో పాటు మేమూ డాక్టరు వద్దకు వెళ్ళాము.

నొప్పి లేకపోవడమే భయపడవలసిన సంగతి అన్నారు డాక్టరు. మధుమేహం ఏళ్ళ తరబడి ఉంటే గుండె నొప్పిని తెలియజేసే నరాలూ, గుండె వేగాన్ని అదుపు చేసే నరాలూ దెబ్బతింటాయి. గుండెపోటు కేవలం చెమటగా, ఆయాసంగా వచ్చి పోవచ్చు. పోటు తరువాత కండరంలో మచ్చ మిగులుతుంది. గుండెను నడిపే విద్యుత్తు ఆ మచ్చ చుట్టూ దారి తప్పి తిరిగితే కింది గదులు అతివేగంగా కొట్టుకొని, రక్తాన్ని పంపలేక, నిమిషాలలో ప్రాణం పోవచ్చు. ఉట్నూరు నుండి ఆదిలాబాద్ రిమ్స్ చేరడానికే సుమారు గంట పడుతుంది.

ఇన్సులిన్ తీసుకొని పగలంతా పస్తుంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. అప్పుడు శరీరం అడ్రినలిన్ విడుదల చేస్తుంది, రక్తంలో పొటాషియం తగ్గుతుంది. మచ్చపడిన గుండె లయ తప్పడానికి అది చాలు. మెటోప్రొలాల్ వంటి మాత్రలు గుండెను కాపాడేవే. అయితే చక్కెర పడిపోయినప్పుడు కలిగే వణుకునూ దడనూ అవి కప్పివేస్తాయి. చెమట మాత్రం పడుతుంది. ఇంటివారు గమనించవలసింది దానినే. చెమటలు, కళ్ళు తిరగడం, మాట తడబడడం కనిపిస్తే రోజా విరమింపజేసి చక్కెర నీళ్ళు ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట ఏమీ పోయక వెంటనే 108కు ఫోన్ చేయాలి. మాత్రలను సొంతంగా మానరాదు.

రోగికి రోజా మినహాయింపును అల్‌బఖరా 184, 185 ఆయతులు స్పష్టం చేశాయి. కోలుకునే ఆశ ఉంటే తరువాత ఖజా, లేకుంటే రోజుకొక పేదకు అన్నం పెట్టే ఫిద్యా. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్నదని 2023లో వెలువడిన ఐసిఎంఆర్ అధ్యయనం తెలిపింది. ప్రతి మస్జిద్ సఫ్‌లోనూ ఈ ప్రశ్న నిలబడి ఉంటుంది.

ఆయన మౌనంగా విన్నారు. తిరుగు ప్రయాణంలో అసలు బాధ బయటపడింది: "పగలు మనుమల ముందు ఎలా తినేది?" సెహ్రీకి అందరితో కూర్చోమన్నాము. మధ్యాహ్న భోజనానికి మా గదికి రమ్మన్నాము. మొదటి రోజా నాడు జొహర్ తరువాత, టిఫిన్ డబ్బా తువ్వాలులో చుట్టుకొని వచ్చారు.