పేర్లు తీసేసి పటం గీయండి

పనులు నమోదు చేసే జిరాలో టికెట్ ఎప్పుడు తెరిచారు, కోడ్ భద్రపరిచే గిట్‌లో కోడ్ ఎప్పుడు వేశారు, రివ్యూకు ఎప్పుడు పంపారు... సాఫ్ట్‌వేర్ ఉద్యోగి వేసే ఇలాంటి ప్రతి అడుగూ గంటా నిమిషంతో సహా లాగ్‌లో పడుతుంది. టికెట్ నంబరు, చేసిన పని, చేసిన వేళ ఉంటే చాలు, పని నిజంగా ఏ దారిన నడిచిందో పటం గీసి చూపే విద్య ప్రాసెస్ మైనింగ్. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ విశ్వవిద్యాలయంలో విల్ వాన్ డెర్ ఆల్స్ట్ పాతికేళ్ల కిందటే దీనికి పునాది వేశారు.

ఈ విద్య మన ఐటీ సంస్థలకు అవసరమే. నాలుగు లైన్ల మార్పు మంగళవారం రివ్యూకు వెళ్తుంది. శుక్రవారం దాకా దాన్ని తెరిచే నాథుడుండడు. ఆపైన టెస్ట్ సర్వర్ ఖాళీ లేక రెండు రోజులు, మేనేజరు అనుమతికి ఇంకో రోజు. రాయడానికి పట్టింది గంట, ఆగింది వారం. గడువు తప్పితే మాట పడేది మాత్రం రాసినవాళ్లే. ఆ వారమంతా ఎక్కడ పోయిందో పటం బయటపెడుతుంది. అమెరికా క్లయింటు కాల్స్ కోసం మాదాపూర్, గచ్చిబౌలిలో అర్ధరాత్రి దాకా మేల్కొనేవారికి అంతకన్నా కావలసిందేముంది?

కానీ అదే లాగ్‌ను పేర్లవారీగా విడదీసి అప్రైజల్‌కు ముడిపెడితే ఘోరమైన అన్యాయం. కొత్తగా చేరిన అమ్మాయి పక్కన కూర్చుని పూటంతా బగ్ వెతికిపెట్టిన సీనియర్ ఖాతాలో ఆ పూట సున్నా. ఒక్క టికెట్‌ను ఐదు ముక్కలు చేసి మూసినవారు మొనగాళ్లు! 2020లో మైక్రోసాఫ్ట్ తన ప్రొడక్టివిటీ స్కోర్ అనే సాధనంలో ఉద్యోగుల పేర్లతో వివరాలు చూపింది. నిరసనలు వెల్లువెత్తడంతో పేర్లు తీసేస్తున్నట్టు ఆ డిసెంబరులోనే ప్రకటించింది. అంత పెద్ద సంస్థ వెనక్కి తగ్గాక కూడా మన మేనేజర్లకు ఆ మోజు దేనికి?

ప్రాసెస్ మైనింగ్‌లో పేరుమోసిన సెలోనిస్ సంస్థ 2011లో పుట్టింది జర్మనీలోని మ్యూనిక్‌లో. ఉద్యోగుల నడవడినీ పనితీరునూ కనిపెట్టే సాధనం పెట్టాలంటే ఆ జర్మనీలో వర్క్స్ కౌన్సిల్ (ఉద్యోగులు ఎన్నుకునే మండలి) ఉన్న ప్రతి సంస్థా దాని సమ్మతి పొందాలి. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమేమో, ఉద్యోగ అవసరాల పేరిట అడగకుండానే డేటా వాడుకునే వీలు యజమానికి ఇచ్చింది.

ఆ వెసులుబాటును పార్లమెంటు కుదించాలి. లాగ్ తవ్వే ముందు ఉద్యోగుల ప్రతినిధులతో సంప్రదింపు తప్పనిసరి చేయాలి. చట్టం మారేదాకా ఆగనక్కర్లేకుండా సంస్థలు ఇప్పుడే చేయగలిగినవీ ఉన్నాయి: పేర్లు చెరిపేశాకే విశ్లేషణకు ఇవ్వడం, గీసిన పటాన్ని ముందు టీముకే చూపించడం, అప్రైజల్ ఫారంలోకి ఆ అంకెలను రానివ్వకపోవడం.