ఉపయోగం లేని పని

"ఎందుకొదినా ఈ డొక్కు? దీనివల్ల ఉపయోగం ఏమిటిట?"

మొన్న సంక్రాంతికి వచ్చిన మా ఆడపడుచు వేసిన ప్రశ్న ఇది. ఆవిడ వేలు చూపించిన మూల ఒక చిన్న బల్ల ఉంది. దానిమీద అటక మీంచి దించిన పాత డబ్బా టీవీ, ఒకప్పుడు మా అమ్మ ఘంటసాల భగవద్గీత పెట్టుకుని విన్న టేప్‌రికార్డరు, ఆ రెంటి మధ్యా రబ్బరు మీటలున్న ఓ నల్లటి చిన్న పెట్టె. ఆ పెట్టె పేరు సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్. 1982లో ఇంగ్లండులో విడుదలైన ఇంటి కంప్యూటరు. వయసులో నాకంటే నాలుగేళ్ళు చిన్నది. కాసేపు పనిచేస్తే ఒళ్ళు వేడెక్కిపోవడంలో మాత్రం ఈమధ్య ఇద్దరం సమానమే.

"ఉపయోగం ఏమీ లేదమ్మా" అన్నాను.

ఆవిడ నావైపు జాలిగా చూసింది. నవలలు రాసి రాసి ఇలా అయిపోయానని అనుకుని ఉంటుంది.

నా తగువంతా ఆ ప్రశ్నతోనే. ఆవిడ భర్త ముప్ఫై ఏళ్ళుగా స్టాంపులు పోగుచేస్తున్నారు. అన్నీ ముద్రపడినవే. అంటించి ఒక్క ఉత్తరమైనా వెయ్యడానికి లేదు. ఆయన్నెవరూ, కట్టుకున్న ఆవిడతో సహా, "ఉపయోగం ఏమిటి?" అని అడిగిన పాపాన పోలేదు. పైగా చుట్టాలొస్తే ఆల్బములు తెచ్చి చూపించేది ఆవిడే. మా వారు ఆదివారం వస్తే పొద్దుణ్ణుంచి సాయంత్రందాకా క్రికెట్ చూస్తారు. దాని ఉపయోగమూ ఎవరూ అడగరు. "పాపం, వారమంతా అలిసిపోయారు" అనుకుంటూ మనమే కాఫీ అందిస్తాం.

అదే ఆడదాని సరదా సంగతి చూడండి. ఎంబ్రాయిడరీ చేస్తే దిండు గలీబులవ్వాలి. క్రోషా అల్లితే టీవీ మీదికి గుడ్డ రావాలి. తోట పెంచితే కరివేపాకు కొనే ఖర్చు తప్పాలి. సంగీతం నేర్చుకున్నా పెళ్ళిచూపుల్లో ఒక పాటకైనా పనికొచ్చి తీరాలి. మగవాడి సరదా ఇంట్లో ఉచితంగా ఉంటుంది. ఆడదాని సరదా మాత్రం అద్దె కట్టాలి! ఇదెక్కడి న్యాయం, మీరే చెప్పండి.

ఈ పెట్టెమీద నాకు మోజు ఇప్పటిది కాదు. 1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం పెట్టి, ఎంచుకున్న బడులకు బి.బి.సి. మైక్రో అనే బ్రిటిష్ కంప్యూటర్లు ఇప్పించింది. మా బడి వంతు వచ్చేసరికి నేను ఏడో తరగతి. ఒక గదికి ఏసీ పెట్టించారు. గుళ్ళోకి వెళ్ళినట్టు చెప్పులు గుమ్మం బయట విడిచి వెళ్ళాలి. మిషన్లు తక్కువ, పిల్లలు ఎక్కువ. అందుకని ఒక ఏర్పాటు చేశారు. శుక్రవారం ఆఖరి పీరియడు మగపిల్లలు కంప్యూటరు గదికి, ఆడపిల్లలు కుట్లు అల్లికల క్లాసుకి. ఎవరూ చెడ్డ బుద్ధితో చెయ్యలేదు లెండి. అందుకే ఎవరికీ తప్పనీ తోచలేదు. మేం మేటీ క్లాత్ మీద క్రాస్ స్టిచ్చి కుట్టుకుంటూ, గోడ అవతల 'బీప్'మని వినిపించినప్పుడల్లా తలలెత్తి చూసేవాళ్ళం.

ఆ మిషన్లకు బేసిక్ అనే భాష రాసిపెట్టింది సోఫీ విల్సన్ అనే స్త్రీ అని నాకు తెలిసింది నలభై దాటాక. 1985లో తయారైన ఆర్మ్ ప్రాసెసరుకు ఆజ్ఞల పట్టిక రూపొందించిందీ ఆవిడే. ఇవాళ మన చేతుల్లో ఫోన్లన్నీ ఆ వంశం ప్రాసెసర్లతోనే నడుస్తున్నాయి. ఇంతకీ ఆ శుక్రవారాలు మమ్మల్ని గోడకి ఇవతల కూర్చోబెట్టింది ఎవరు రాసిన భాష నుంచో చూశారా!

రెండేళ్ళ కిందట మా అమ్మాయి పైచదువుకి స్కాట్లాండులోని డండీ అనే ఊరు వెళ్తే, చూడ్డానికి వెళ్ళాను. డండీ ఒకప్పుడు జనపనార ఊరు. బెంగాలు నుంచి ఓడల్లో వచ్చిన నారని అక్కడి మిల్లుల్లో గోనెగుడ్డగా నేసేవారు. మన నెల్లిమర్ల, చిట్టివలస మిల్లులు ఎరిగినవాళ్ళకి ఆ గొడవంతా కొత్తకాదు. ఆ పని చేసినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. ఆడవాళ్ళయితే కూలి తక్కువిచ్చినా చెల్లుతుంది కదా! ఆడది మిల్లుకి వెళ్తే, పనిలేని మగవాడు ఇంట్లో పిల్లల్ని చూసుకునేవాడు. అలాంటివాళ్ళకి 'కెటిల్ బాయిలర్లు', అంటే టీనీళ్ళు కాచేవాళ్ళు, అని పేరుపెట్టింది ఆ ఊరు.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అక్కడ టైమెక్స్ వాళ్ళు చేతిగడియారాల ఫ్యాక్టరీ పెట్టారు. 1980లలో ఆ ఫ్యాక్టరీలోనే సింక్లెయిర్ కంప్యూటర్లు తయారయ్యాయి. గడియారాల్లో సన్నపని చేసి చేసి ఆరితేరిన ఆడవాళ్ళ చేతులే ఈ కంప్యూటర్లనూ కూర్చాయి. 1993లో పెద్ద సమ్మె జరిగి, ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఆ సమ్మెలో నిలబడినవాళ్ళలోనూ ఆడవాళ్ళే ఎక్కువ.

ఈ పెట్టె నాకు దొరికింది ఆ ఊళ్ళోనే, ధర్మకార్యాలకోసం నడిపే ఒక పాతసామాన్ల కొట్లో. ఒక మాదిరి జరీచీర ఖరీదు కూడా కాదు. గల్లా దగ్గరున్న పెద్దావిడ దాన్ని వెనక్కి తిప్పి చూసి, "మా అక్క ఇవి చేసేది" అంది. వాళ్ళక్క ఒకటి ఇంటికీ తెచ్చిందట. తెచ్చిన వారానికల్లా అది తమ్ముడి గదిలోకి వెళ్ళిపోయిందట. "మళ్ళీ బయటికి రాలేదు" అంటూ నవ్వి కాగితంలో చుట్టి ఇచ్చింది.

పాత కంప్యూటర్ల ముచ్చట్లు రాసేవాళ్ళు సాధారణంగా తమ్ముడి గది దగ్గర మొదలుపెడతారు. ఆ గదిలో కూర్చుని మగపిల్లలు ప్రోగ్రాములు నేర్చుకున్నారు, ఆటలు కనిపెట్టారు అని. నిజమే, కాదనను. అయితే కథ అంతకుముందు అక్కగారి చేతుల్లో మొదలైంది. అది రాయరేం?

సరే, ఇంతకీ దీనితో నేనేం చేస్తానంటారా? చెబుతాను, నవ్వకండి.

ముందు టీవీ ఏంటెనా పెట్టే చోట దీని తీగ పెడతాను. తెరమీద ఒక లైను కనిపిస్తుంది, అంతే. అక్కణ్ణుంచి అది నాకోసం కాచుకుని కూర్చుంటుంది. గుడ్ మార్నింగ్ చెప్పదు, చీరలమ్మదు. నేను తప్పు కొడితే, తప్పున్న చోట ఒక ప్రశ్నార్థకం మెరుస్తుంది. కసరదు. దాని జ్ఞాపకశక్తి 48 కిలోబైట్లు. అందులో మన వాడకానికి మిగిలేది 41. ఈరోజు కంప్యూటర్లు తెలుగులో ఒక్కొక్క అక్షరానికి, గుణింతం గుర్తుకి, పొల్లుకి తలా మూడు బైట్లు తీసుకుంటాయి. ఆ లెక్కన ఈ వ్యాసం అందులో కష్టమ్మీద పడుతుంది. నా నవల్లో ఒక పెద్ద అధ్యాయం పట్టదు. కరెంటు పోయిందా, ఉన్నదంతా హరీ! అందుకని చేసిన పని క్యాసెట్టులోకి ఎక్కించి దాచుకోవాలి. మళ్ళీ దించుకునేటప్పుడు తెర అంచున నీలం, పసుపు చారలు పరిగెడతాయి. టేపు కీచుమని గీపెడుతుంది. పెద్ద ఆటైతే ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలూ చేతులు ముడుచుకుని కూర్చోవడం ఉంది చూశారూ, ఆ సుఖం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

దీనికి తెలుగు రాదు. కాని మనం గీసిన బొమ్మల్ని అక్షరాలుగా పెట్టుకోమని 21 చోట్లు ఖాళీగా ఇచ్చారు. ఒక్కొక్క చోటూ ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు గళ్ళు. గళ్ళకాగితం మీద అక్షరం గీసుకుని, నిండిన గళ్ళ విలువలు కలుపుకోవాలి. కుడినుంచి ఎడమకి 1, 2, 4, 8 అలా 128 దాకా. వరసకో అంకె, అక్షరానికి ఎనిమిది అంకెలు. పుస్తకంలో ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇది మా క్రాస్ స్టిచ్చే కదూ! కాగితం మీద గళ్ళు లెక్కపెట్టి గుడ్డమీద కుట్టడం మాకు శుక్రవారం ఆఖరి పీరియడులో నేర్పిందే కదూ! చుక్కలు తప్పకుండా ముగ్గు వేసే ఏ అమ్మాయికైనా ఇది గంటలో వస్తుంది. గోడకి ఇవతల కూర్చోబెట్టి మాకు నేర్పినది, గోడకి అవతల పనికొచ్చేదేనన్నమాట. చెప్పేవాళ్ళు లేకపోయారు.

మొదట 'అమ్మ' అని రాశాను. 'అ'కి ఒక చోటు, 'మ'కి ఒకటి, కింద ఒత్తుకి ఇంకొకటి. ఒక సాయంత్రం పట్టింది. మా అత్తగారు కళ్ళజోడు సవరించుకుని చూసి, "సున్నంతో రాసినట్టుంది" అన్నారు. నేను దాన్ని మెప్పుగానే తీసుకున్నాను.

ఇక ఆక్షేపణలు. "చెత్త కొని తెచ్చిందేమిటి?" అన్నారు కొందరు. చెత్తబుట్టలోకి పోవలసినదాన్ని ఆపానండీ నేను! మీటల కింద ఉండే పల్చటి పొర ఏళ్ళు గడిస్తే చిట్లిపోతుంది. కొత్త పొరలు ఇప్పటికీ తయారుచేసి అమ్మేవాళ్ళున్నారు. తెప్పించి, మరలు విప్పి, నేనే మార్చాను. కుక్కరుకి గాస్కెట్టు మార్చిన చేతికి ఇదో లెక్కా? మనిషి విప్పి చూడ్డానికి వీలుగా చేసిన వస్తువులు ఇంట్లో ఇంకెన్ని మిగిలాయి గనక!

"ఆర్ట్సు చదివినదానివి, నీకెందుకు?" అన్నారు ఇంకొకరు. వాళ్ళకి మేరీ అలెన్ విల్క్స్ గురించి చెప్పాను. అమెరికాలో 1959లో వెలెస్లీ కాలేజీ నుంచి తత్త్వశాస్త్రంలో పట్టా తీసుకున్న అమ్మాయి. లాయరవుదామనుకుంటే, ఆడపిల్లకి కుదరదని నిరుత్సాహపరిచారు. వెళ్ళి ఎం.ఐ.టి.లో ప్రోగ్రాములు రాసే పనిలో చేరింది. తోటివాళ్ళంతా వేరే ఊరికి తరలిపోతుంటే తాను వెళ్ళనంది. దాంతో లింక్ అనే కంప్యూటరునే బాల్టిమోరులో ఆమె పుట్టింటికి పంపించారు. 1965లో ఆ ఇంట్లోనే కూర్చుని దాన్ని నడిపే ప్రోగ్రాము రాసింది. ఇంట్లో సొంతంగా కంప్యూటరు పెట్టుకుని పనిచేసిన మొదటి మనిషిగా ఆమెనే చెప్పుకుంటారు. అంటే ఇంటి కంప్యూటరు కథ మొదలైందే ఒక ఆర్ట్సు గ్రాడ్యుయేటు పుట్టింట్లో! ఆ తరవాత ఆవిడ పట్టుబట్టి హార్వర్డులో లా చదివి, లాయరు కూడా అయింది.

మరి ఆడవాళ్ళకి 'ఉపయోగపడే' కంప్యూటరు ఎవరూ తలపెట్టలేదా? ఎందుకు తలపెట్టలేదు! 1969లో అమెరికాలోనే ఒక ఖరీదైన దుకాణం తన క్యాటలాగులో హనీవెల్ వారి 'కిచెన్ కంప్యూటరు' పెట్టింది. ధర 10,600 డాలర్లు. వంటలు గుర్తుపెట్టుకోవడానికట. ఇల్లాలు దానితో మాట్లాడాలంటే రెండు వారాలు శిక్షణ తీసుకుని, స్విచ్చులు పైకీ కిందికీ వేస్తూ అంకెల్లో చెప్పాలి. అది దీపాలు వెలిగించి జవాబిస్తుంది. పప్పులో ఉప్పు ఎంతో దీపాలు చూసి తెలుసుకోవాలన్నమాట! అది ఒక్కటైనా అమ్ముడుపోయినట్టు దాఖలా లేదు. ఆడదానికి ఏం కావాలో ఆడదాన్ని అడక్కుండా, ఆవిడ ఉపయోగమంతా వంటింట్లోనే ఉందనుకుంటే జరిగేది ఇదే. విల్క్స్ ఇంటికి వెళ్ళిన కంప్యూటరును ఎవరూ వంట అడగలేదు. అందుకే దానితో పని జరిగింది.

ఈ సరదాలో నాకు నచ్చని మనుషులూ ఉన్నారు. నలభై యంత్రాలు కొని, అట్టపెట్టె విప్పకుండా, ధర పెరుగుతుందని దాచేవాళ్ళు. వాళ్ళది ఫిక్సెడ్ డిపాజిట్టు, సరదా కాదు. కట్టుకోని పట్టుచీరకి బీరువాలో మడతల దగ్గర చిరుగులు పడతాయని మనకి తెలుసు. వీటికీ అంతే. వాడితేనే బతుకుతాయి.

మీరందరూ పాత కంప్యూటర్లు కొనుక్కోండని నేను చెప్పడం లేదు. ఒక్క పని, ఇంటికీ వంటకీ పిల్లల మార్కులకీ దేనికీ పనికిరానిది, మీదంటూ ఒకటి పెట్టుకోండి అంటున్నాను. "ఉపయోగం ఏమిటి?" అని ఎవరైనా అడిగితే "ఏమీ లేదు" అని చెప్పండి. మొదటిసారి నోరు పెగలదు. నాకూ పెగల్లేదు. "మెదడుకి మంచిదట", "ఆల్‌జీమర్స్ రాదట" అంటూ నాలిక చివరిదాకా వచ్చింది సంజాయిషీ. మింగేశాను. రెండోసారికి అలవాటైపోతుంది.

నేను ప్రస్తుతం 'క్ష' దగ్గర ఆగిపోయి ఉన్నాను. ఎనిమిది గళ్ళలో ఎంత ఇరికించినా ఎలకపిల్లలా కనిపిస్తోంది. ముగ్గుల్లో చెయ్యి తిరిగినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, గళ్ళకాగితం మీద వేసి ఒక్కటి పంపించండి. ఉపయోగం మాత్రం అడక్కండి!